ఆరేళ్లు కదలని 1997 మాన్‌స్టర్ 900: సెల్ఫ్ నొక్కకముందే చేయాల్సిన పనులు

మీరు అడిగింది ఇదీ: మ్యూనిక్‌లో 1997 డుకాటీ మాన్‌స్టర్ 900 కొన్నారు, మీటరు 34 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, పాత ఓనరు గ్యారేజీలో ఆరేళ్లు కదలకుండా పడి ఉంది. మన ఊళ్లో ఉన్నప్పుడు బుల్లెట్ పని సొంతంగా చేసుకున్న అలవాటు మీకుంది. బెల్టులు, వాల్వులు కూడా సొంతంగా చేసుకోవచ్చా, షోరూమ్‌కే ఇవ్వాలా, పని ఎక్కడ మొదలుపెట్టాలి, ట్యూఫ్‌కి, అంటే ఇక్కడి బండి ఫిట్‌నెస్ తనిఖీకి, ఎప్పుడు తీసుకెళ్లాలి? చివర్లో ఇంకో మాట కూడా అన్నారు, కొత్త బ్యాటరీ వచ్చింది, రేపు పెట్టి ఒకసారి స్టార్ట్ చేసి చూస్తానని.

దయచేసి ఆ ఒక్క పని చేయకండి. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఎందుకంటే ఈ ఇంజన్‌లో క్యామ్‌లను, అంటే వాల్వులను కదిలించే ఇరుసులను, తిప్పేది చైన్ కాదు, రెండు రబ్బరు బెల్టులు. డుకాటీలో ఇంజన్లు గీసిన ఫాబియో తలియోనీ అంతకుముందు బెవెల్ గేర్లతో క్యామ్‌లు తిప్పేవాడు, 1979లో వచ్చిన పాంతా 500 దగ్గర వాటిని వదిలేసి పళ్ల బెల్టులకు మారాడు. తయారీ ఖర్చు తగ్గింది, చప్పుడు తగ్గింది. మీ 900 ఇంజన్ ఆ వంశంలోదే. బెల్టు తెగినా, నాలుగు పళ్లు జారినా పిస్టన్ వెళ్లి వాల్వును కొడుతుంది. వాల్వు వంగుతుంది, మీ అదృష్టం బాగోకపోతే పిస్టన్ కూడా పోతుంది. ఆ రిపేరు బిల్లు మీరు బండికి పెట్టిన డబ్బుతో పోటీ పడుతుంది.

పాత మాన్యువల్‌లో ఈ బెల్టులకు 20 వేల కిలోమీటర్లు లేదా రెండేళ్లు, ఏది ముందొస్తే అది అని ఉంటుంది. చాలామంది కిలోమీటర్లు చూస్తారు, ఏళ్లు చూడరు. నడిచే బండి బెల్టు రోజూ అన్ని వైపులా వంగుతూ ఉంటుంది. నిలబడ్డ బండి బెల్టు పుల్లీల చుట్టూ, రోలర్ల మీద ఒకే చోట వంగి ఆరేళ్లు అలాగే ఉండిపోతుంది, ఆ వంపు దగ్గరే రబ్బరు గట్టిపడి పగులుతుంది. పైకి చూస్తే నల్లగా నిగనిగలాడుతూ బాగానే కనపడొచ్చు. పాత ఓనరు "బెల్టులు మార్పించాను" అన్నాడంటే బిల్లు అడగండి, బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి. నా పద్ధతి అదే, ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

ఇక అసలు ప్రశ్న, సొంతంగా చేసుకోవచ్చా అని. బెల్టులు మార్చుకోవచ్చు. వాల్వుల గ్యాప్ కొలుచుకోవచ్చు. కొలిచాక సరిచేయాల్సి వస్తే అందులో సగం మీరు చేసుకోవచ్చు, మిగతా సగం మొదటిసారి ఇంతకుముందు చేసినవాడు పక్కన ఉండగా చేయడం మంచిది. డుకాటీ అనగానే డెస్మో (వాల్వులను మూసే పని కూడా క్యామ్‌కే ఇచ్చే పద్ధతి, కింద చెబుతాను), డెస్మో అనగానే మనవల్ల కాదు అనే భయం ఉంది చూశారా, అది షోరూములకు బాగా గిట్టుబాటయ్యే భయం. సిలిండర్‌కు రెండు వాల్వులుండి గాలితో చల్లబడే ఈ ఇంజన్ చేతులు దూర్చడానికి చోటున్న ఇంజన్, మాన్యువల్ చదివి నిదానంగా పని చేసేవాడికి లొంగుతుంది. ఈ బండ్లను నిజంగా రోడ్డు మధ్యలో ఆపేసేవి వేరే ఉన్నాయి: కాలిపోయిన కప్లర్లు (కరెంటు తీగలు కలిపే ప్లాస్టిక్ ముక్కలు), తుప్పు పట్టిన ట్యాంకు, కారే క్లచ్ స్లేవ్ సిలిండర్ (లివర్ నొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది). వాటి దగ్గరికీ వస్తాను.

ముందు చోటు సంగతి. అపార్ట్‌మెంట్ కింద ఉండే కామన్ గ్యారేజీలో ఇంజన్ విప్పుకుని కూర్చుంటే ఇంటి ఓనరు నుంచి ఉత్తరం వస్తుంది, ఆదివారం పూట అయితే పక్కింటివాళ్ల నుంచి కూడా. జర్మనీలో గంటల లెక్కన లిఫ్టు అద్దెకిచ్చే సెల్ఫ్‌హెల్ప్ వర్క్‌షాపులు చాలా ఊళ్లలో ఉన్నాయి, ట్రైలర్ మీద అక్కడికి తీసుకెళ్లడం మేలు. అక్కడ పెద్ద పానాలూ లైటూ దొరుకుతాయి, తల పండిన జర్మన్ పెద్దాయన ఒకరు వచ్చి మీ పని చూసి పెదవి విరవడం కూడా ఉచితమే. ఇంజన్ ఆయిల్ కొన్న బిల్లు దాచుకోండి, కొన్నంత పాత ఆయిల్‌ను అమ్మినవాడే ఉచితంగా వెనక్కి తీసుకోవాలని ఇక్కడ చట్టం ఉంది.

సామానులో తప్పనిసరి అనిపించేవి కొన్నే. మంచి టార్క్ రెంచ్ చిన్నదొకటి, పెద్దదొకటి, ఎందుకంటే ఈ ఇంజన్ కేసింగ్ అంతా అల్యూమినియం, చేతి బలాన్ని నమ్ముకుంటే మర పోతుంది. సన్నటి ఫీలర్ గేజ్ కావాలి, 0.03 మిల్లీమీటర్ నుంచి మొదలయ్యేది, మామూలు కిట్‌లో 0.05 కంటే కింద ఉండదు. అలెన్ కీలు నాణ్యమైనవి. ఇంకోటి ఎవరూ చెప్పరు: జేఐఎస్ స్క్రూడ్రైవర్. ఇది ఇటాలియన్ బండే కానీ కార్బురేటర్లు జపాన్ మికునీవి, వాటి ఫ్లోట్ బౌల్ స్క్రూలకు జపాన్ కొలత గాడి ఉంటుంది. మామూలు ఫిలిప్స్ బిట్ పెట్టి తిప్పితే పైకి జారి గాడిని తినేస్తుంది, తర్వాత ఆ స్క్రూని డ్రిల్ చేసి తీయాలి.

ఇప్పుడు బెల్టులు. స్పార్క్ ప్లగ్గులు రెండూ తీసేయండి, వెనక చక్రం నేలకు తగలకుండా ప్యాడాక్ స్టాండ్ మీద ఎత్తండి, టాప్ గేర్‌లో వేసి చక్రాన్ని ముందుకు తిరిగే దిశలో చేత్తో తిప్పండి. ఇంజన్ మెల్లగా తిరుగుతుంది. తిప్పడానికి ముందు రోజు రాత్రి ప్లగ్గు రంధ్రాల్లోంచి కొన్ని చుక్కల ఆయిల్ వేసి ఉంచితే ఆరేళ్లు ఎండిపోయిన రింగులకు మంచిది. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే ఆగిపోండి, బలవంతం వద్దు.

బండి కుడి వైపు ప్లాస్టిక్ కవర్లు విప్పితే బెల్టులు కనపడతాయి. ముందుకు పడుకుని ఉన్న సిలిండర్‌ను కంప్రెషన్ స్ట్రోక్ చివర టాప్ డెడ్ సెంటర్‌కు, అంటే పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే చోటుకు, తెచ్చినప్పుడు క్యామ్ పుల్లీల మీద గుర్తులూ, కింద రెండు బెల్టులనూ తిప్పే పుల్లీ మీద గుర్తూ వాటి వాటి గీతలకు ఎదురుగా వస్తాయి. వచ్చాయా లేదా అన్నది ఒకసారి కాదు, రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. ఫ్యాక్టరీ గుర్తులు మట్టిలో సరిగా కనపడవు కాబట్టి తెల్ల పెయింట్ మార్కర్‌తో మీ గుర్తులు మీరు పెట్టుకోండి: పుల్లీ పంటి మీద ఒకటి, దానికి ఎదురుగా బెల్టు మీద ఒకటి, మూడు చోట్లా. పాత బెల్టు తీశాక దాన్ని కొత్తదాని పక్కన పెట్టి, గుర్తుల మధ్య పళ్లు లెక్కపెట్టి అవే గుర్తులు కొత్తదాని మీద వేయండి. ఇక తప్పు జరిగే దారి దాదాపు ఉండదు. ఒక బెల్టు పూర్తిగా అయ్యాకే రెండోది ముట్టుకోండి. బెల్టు తీసేటప్పుడు క్యామ్ కొద్దిగా అటో ఇటో కదలొచ్చు, కంగారు పడొద్దు, పుల్లీని చేత్తో మెల్లగా గుర్తు దగ్గరికి తెచ్చుకోండి.

బెల్టు వీపు ఆనే రోలర్లను కూడా వేళ్లతో తిప్పి చూడండి. నున్నగా, చప్పుడు లేకుండా తిరగాలి. గరగరలాడితే ఆ బేరింగు కూడా బెల్టుతోపాటే మార్చాలి, బేరింగు బిగుసుకుంటే కొత్త బెల్టయినా తెగుతుంది.

బిగింపు ఎంత ఉండాలన్నది మీరు అడగలేదు గానీ అందరూ తడబడేది అక్కడే. కొత్తవాళ్లంతా బెల్టు వదులైతే పళ్లు జారతాయనే భయంతో గట్టిగా లాగేస్తారు. మరీ బిగిస్తే బేరింగుల మీద భారం పడుతుంది, బెల్టు ఆయుష్షూ తగ్గుతుంది. పాత రెండు వాల్వుల ఇంజన్లకు గ్యారేజీల్లో చెలామణీలో ఉన్న కొలత అలెన్ కీ: చోటు మారకుండా బిగించి ఉండే రోలర్‌కీ బెల్టుకీ మధ్య 5 మిల్లీమీటర్ల కీ కొంచెం రాసుకుంటూ దూరాలి, 6 మిల్లీమీటర్లది దూరకూడదు. ఫోన్ యాప్‌తో బెల్టును మీటి ఆ శబ్దం ఎన్ని హెర్ట్జ్‌లో చూసే పద్ధతీ ఉంది, అంకె మాత్రం మీ మోడల్ మాన్యువల్‌లోదే వాడండి, వేరే డుకాటీది తెచ్చి దీనికి పెట్టొద్దు. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, వేడెక్కితే సిలిండర్ సాగి బెల్టు బిగుస్తుంది. టెన్షనర్ (బిగింపు సరిచేసే రోలర్) బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించాక చక్రంతో ఇంజన్ను కనీసం నాలుగు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ చూసి, బిగింపు మళ్లీ కొలిచి, అప్పుడు కవర్లు వేయండి.

బెల్టులు విప్పిన రోజే వాల్వులు కూడా కొలవండి, ప్లగ్గులు ఎలాగూ బయటే ఉన్నాయి. ఇక్కడ డెస్మో అంటే ఏమిటో రెండు ముక్కలు, తెలిసినా ఓపిక పట్టండి. మామూలు ఇంజన్‌లో వాల్వును క్యామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. వేగం బాగా పెరిగితే స్ప్రింగు వెనకబడి వాల్వు గాల్లో తేలుతుంది. తలియోనీ 1956లోనే 125 సీసీ రేసు బండిలో మూసే పని కూడా క్యామ్‌కే, ఇంకో రాకర్‌కే (క్యామ్ తోస్తే వాల్వును కదిలించే చిన్న మీట) అప్పగించాడు. మీ బండిలో ఉన్నదీ అదే సూత్రం. సన్నటి స్ప్రింగు ఒకటి ఉంటుంది గానీ అది మూసే రాకర్‌ను ఆనించి పట్టుకోవడానికే. కాబట్టి ఒక్కో వాల్వుకు రెండు గ్యాపులు, తెరిచేది ఒకటి, మూసేది ఒకటి. నాలుగు వాల్వులకు ఎనిమిది కొలతలు. అంతే తేడా.

తెరిచే వైపు గ్యాప్ ఇన్‌టేక్‌కు 0.10 నుంచి 0.12, ఎగ్జాస్ట్‌కు 0.12 నుంచి 0.15 మిల్లీమీటర్లు పెట్టుకుంటారు. మూసే వైపు 0.03 నుంచి 0.05. తెరిచే వైపు కొలవడం మామూలే, ఫీలర్ గేజ్ దూర్చడమే. మూసే వైపు కొలిచేటప్పుడు మూసే రాకర్‌ను స్క్రూడ్రైవర్‌తో స్ప్రింగుకు ఎదురుగా కిందికి నొక్కిపట్టి, అప్పుడు వాల్వు కాడ చుట్టూ ఉన్న షిమ్‌ను (గ్యాప్ ఎంతుండాలో తన మందంతో నిర్ణయించే చిన్న ముక్క) వేలితో తిప్పి చూడండి. బుల్లెట్‌లో పుష్‌రాడ్ వేళ్ల మధ్య స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు అని మెకానిక్ చెప్పేవాడు చూడండి, ఇక్కడా చేతికి తెలియాల్సింది దాదాపు అదే. తిరుగుతోంది, ఆట దాదాపు లేదు అంటే బాగున్నట్టు. అస్సలు తిరగకపోతే గ్యాప్ లేదు, అది వెంటనే చూడాలి. కటకటా ఆడుతుంటే ఎంత ఉందో గేజ్‌తో తేల్చండి.

అంకెలు చూసి టెన్షన్ పడే ముందు ఏ వైపు జరిగితే ఏమవుతుందో తెలుసుకోండి. నడిచేకొద్దీ వాల్వు తన సీటులోకి దిగుతుంది, అంటే కాడ పైకి జరుగుతుంది. అప్పుడు తెరిచే గ్యాప్ తగ్గుతుంది, మూసే గ్యాప్ పెరుగుతుంది. తెరిచే గ్యాప్ పూర్తిగా పోతే వాల్వు సరిగా కూర్చోదు, ఎగ్జాస్ట్ వాల్వు అయితే కాలుతుంది. దాన్ని వదిలేయకూడదు. మూసే గ్యాప్ కొంచెం పెరిగి 0.10 వచ్చిందనుకోండి, ఇంజన్ కాస్త ఎక్కువ చప్పుడు చేస్తుంది, అంతే, ఈ సీజన్ నడిపి చలికాలంలో సరిచేసుకోవచ్చు. 0.20 వైపు పోతుంటే మాత్రం ఆగాలి.

తెరిచే షిమ్ అంటే వాల్వు కాడ నెత్తిన టోపీలా కూర్చునే చిన్న ముక్క. రాకర్‌ను పక్కకు జరిపితే చేతికొచ్చేస్తుంది, మందం మైక్రోమీటర్‌తో కొలిచి కావలసిన సైజు వేస్తే పని అయిపోయినట్టే, ఇది మీరే చేసుకోండి. మూసే షిమ్ దగ్గరే జాగ్రత్త కావాలి. దాన్ని పట్టుకుని ఉండేవి రెండు అరచందమామల్లాంటి సన్నటి తీగ ముక్కలు, హాఫ్ రింగులు అంటారు. అవి తీయగానే ఆ వాల్వును పట్టుకునేది ఇంకేమీ ఉండదు. పిస్టన్ పైన లేకపోతే వాల్వు సిలిండర్‌లోకి జారిపోతుంది, ఇక హెడ్ విప్పాల్సిందే. అందుకే ఆ సిలిండర్ టాప్ డెడ్ సెంటర్‌లో ఉందని రూఢి చేసుకుని, గేర్‌లో వేసి చక్రం కదలకుండా కట్టేయాలి. రెండోది, ఆ హాఫ్ రింగులు జారి పడితే హెడ్‌లో ఆయిల్ కిందికి దిగే దారి ఉంది, సరిగ్గా అందులోకే పోతాయి. ఆ రంధ్రాల్లో ముందే గుడ్డ కుక్కండి, పీచు రాలని గుడ్డ. అయస్కాంతం ఉన్న పుల్ల ఒకటి దగ్గర పెట్టుకోండి. ఒకసారి విప్పిన హాఫ్ రింగులు మళ్లీ వాడే కంటే కొత్తవి వేయడం నయం, పాతవాటి మీద అరిగిన గీత కంటికే కనపడుతుంది. వేశాక బెల్టులు ఎక్కించి చక్రంతో చాలాసార్లు తిప్పి అవి కూర్చున్నాక మళ్లీ కొలవాలి, కొత్త రింగులు సర్దుకునేసరికి గ్యాప్ కొంచెం పెరుగుతుంది. మూసే షిమ్ కచ్చితమైన సైజు దొరకకపోతే ఒక మెట్టు పెద్దది తెచ్చి, అద్దం పలక మీద నీళ్ల ఎమెరీ పేపర్ పరిచి ఎనిమిది అంకెలా తిప్పుతూ అరగదీసేవాళ్లు చాలామంది. నేనూ అలాగే చేస్తా. తొందర ఉన్న రోజు మాత్రం ఆ పని పెట్టుకోను.

కవర్లు విప్పి ఉన్నప్పుడు టార్చ్ వేసి రాకర్ల ముఖాలు చూడండి. క్యామ్ రాసుకునే చోట వాటికి క్రోమ్ పూత ఉంటుంది, తొంభైల నాటి డుకాటీల్లో ఆ పూత పెచ్చులూడటం బాగా తెలిసిన జబ్బు. పూత అద్దంలా ఉండాలి. గోరుతో గీస్తే అంచు తగిలినా, బూడిద రంగు మచ్చ కనపడినా ఆ రాకర్ పని అయిపోయినట్టే, అలాగే నడిపితే క్యామ్‌ను కూడా తినేస్తుంది. రాకర్ పిన్ను బయటికి లాగడానికి పుల్లర్ కావాలి, కాబట్టి అది పెద్ద పని కిందే లెక్క. అక్కడ మాత్రం పనిమంతుడికి ఇవ్వండి, సిగ్గేమీ లేదు. అలాగే ఈ 900 ఇంజన్లలో సిలిండర్ స్టడ్డులు (సిలిండర్‌నూ హెడ్‌నూ బిగించి పట్టే పొడవాటి కడ్డీలు) విరిగిన సందర్భాలు అప్పట్లో ఉన్నాయి. హెడ్ నట్లు నాలుగూ ఒకేలా కూర్చున్నాయా, సిలిండర్ అడుగున ఆయిల్ చెమ్మ ఉందా అని చూడండి. "ఊరికే ఒకసారి బిగించి చూద్దాం" అని పానా మాత్రం పెట్టకండి, పాత స్టడ్డును విరగ్గొట్టేది ఆ ఊరికే బిగించడమే.

ఇంజన్ ఆయిల్ దాదాపు మూడున్నర లీటర్లు పడుతుంది, ఫిల్టరుతోపాటు లోపలి జాలీ కూడా తీసి కడగండి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతం మీద బూడిదలాంటి పేస్టు ఉంటే మామూలే. వేళ్లకు గుచ్చుకునే పలుకులు ఉంటే బండి స్టార్ట్ చేయకుండా ఫొటో తీసి పంపండి.

పెట్రోలు వ్యవహారం ఆరేళ్ల బండికి ఎలాగూ తప్పదు. ట్యాంకు ముందు వైపు క్లిప్ విప్పితే వెనక్కి లేస్తుంది, అది మాన్‌స్టర్‌లో నాకు బాగా నచ్చిన సంగతి. ట్యాంకు ఇనుప రేకుది. మూత చుట్టూ పడే వాన నీళ్లు పోవడానికి ఒక సన్న గొట్టం ఉంటుంది, అది మట్టితో మూసుకుపోతే నీళ్లు ట్యాంకులోకి దిగి అడుగున తుప్పు పడుతుంది. పాత పెట్రోలు మొత్తం తీసేసి టార్చ్‌తో లోపల చూడండి, ఎర్రగా పొడి కనపడితే ముందు ట్యాంకు సంగతి తేల్చాలి, లేకపోతే కార్బురేటర్లు ఎన్నిసార్లు కడిగినా మళ్లీ మూసుకుపోతాయి. కొత్తగా పోసేటప్పుడు ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు) కాకుండా ఈ5 (అయిదు శాతం దాకా) పోయండి. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది, నెలల తరబడి నిలబడే బండికి అది మంచిది కాదు.

మీ మికునీ కార్బురేటర్లలో ఆరేళ్ల తర్వాత పైలట్ జెట్ (ఐడిల్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోయి ఉండటం దాదాపు ఖాయం. చోక్ లాగితేనే నడవడం, చోక్ తీయగానే ఆగిపోవడం దాని లక్షణం. జెట్‌లో తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదైతే మిక్చర్ మొత్తం పాడవుతుంది, అల్ట్రాసోనిక్ స్నానం లేదా కార్బ్ క్లీనర్, ఆ తర్వాత గాలి. స్లైడ్ పైన రబ్బరు పొరను వెలుతురుకు ఎదురుగా పట్టి చిల్లులు ఉన్నాయేమో చూడండి. కార్బురేటర్లనూ హెడ్‌నూ కలిపే రబ్బరు మెడలు పగిలితే ఐడిల్ ఎప్పటికీ కుదురుకోదు. ఈ పని బాగా చేస్తే ట్యూఫ్‌లో కూడా కలిసొస్తుంది, పొగ పరీక్షలో ఇలాంటి క్యాటలిటిక్ లేని బండికి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాటకూడదు.

కరెంటు గురించి. మీ ఏడాది బండిలో ఆల్టర్నేటర్ నుంచి రెగ్యులేటర్‌కు రెండు పసుపు తీగలు వస్తాయి, తర్వాతి మోడళ్లలో మూడు. ఆ తీగలు కలిసే కప్లర్‌ను బ్యాటరీ పెట్టకముందే విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి, నేను సరదాకు అనడం లేదు. లోపలి పిన్ను కొంచెం వదులైనా వేడెక్కి తెల్ల ప్లాస్టిక్ ముందు టీ రంగుకు, తర్వాత నల్లగా మారుతుంది, ఒకరోజు కరిగి రెండు తీగలూ అతుక్కుంటాయి, దాంతో రెగ్యులేటరూ పోతుంది. గోధుమ రంగు కనపడినా ఆ కప్లర్‌ను కోసేసి తీగలకు కొత్త మంచి కప్లర్ వేయండి లేదా సోల్డర్ చేసి హీట్ ష్రింక్ తొడగండి. ఒక్కో పసుపు తీగకూ బాడీకీ మధ్య మల్టీమీటర్‌లో కంటిన్యుటీ రాకూడదు, వస్తే స్టేటర్ (ఆల్టర్నేటర్‌లో తిరగకుండా ఉండే తీగ చుట్ట) షార్ట్ అయినట్టు. బండి నడిచాక మూడు వేల ఆర్‌పీఎం పైన బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 వోల్టులు కనపడాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడింది, 13 కూడా రాకపోతే కప్లర్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. స్టార్టర్‌కు వెళ్లే కేబుల్ ఫ్యాక్టరీది సన్నం, పాతబడ్డాక ఇంకా బలహీనం. లావు కేబుల్ వేసి, ఇంజన్ ఎర్త్ బోల్టు దగ్గర పెయింటు గీకి బిగిస్తే ఉదయం పూట సెల్ఫ్ మూలగడం సగం తగ్గిపోతుంది. చాలామంది ఇది తెలియక కొత్త బ్యాటరీలు కొంటూ ఉంటారు.

క్లచ్ లివర్ పట్టుకుంటే వచ్చే గలగల చప్పుడు గురించి పాత ఓనరు మీకు చెప్పే ఉంటాడు. 900కి డ్రై క్లచ్, ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉండవు, ఆ చప్పుడు దాని సహజ స్వభావం. ప్లేట్ల అంచులు బాస్కెట్ (ప్లేట్లు కూర్చునే గిన్నె) గాళ్లలో లోతుగా గుంటలు పెట్టాయా, క్లచ్ జారుతోందా అన్నవే చూడాలి. విప్పేటప్పుడు ప్లేట్ల వరస ఫొటో తీసుకోండి. అసలు జాగ్రత్త ఎడమ వైపు, ముందు స్ప్రాకెట్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ మీద. దాని సీలు పోవడం ఈ బండ్లకు మామూలు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడకపోవడం, లివర్ మెత్తబడటం, స్ప్రాకెట్ కవర్ కింద తడి, ఈ మూడింట్లో ఏది కనపడినా సీల్ కిట్ తెప్పించండి. ఆ ఫ్లూయిడ్ పెయింటును తినేస్తుంది, కారిన చోట నీళ్లతో కడగాలి. క్లచ్‌కూ బ్రేకులకూ డాట్ 4 కొత్తది పోసి గాలి మొత్తం తీసేయండి. రబ్బరు బ్రేకు గొట్టాలు పుట్టినప్పటివే అయితే మార్చేయండి, అవి లోపల ఉబ్బితే బయటికి తెలియదు.

టైర్ల పక్కన చివరి నాలుగంకెలు తయారైన వారం, ఏడాది. గాడి లోతు ఎంతున్నా ఆరేళ్ల పైబడిన టైర్ల మీద నేను ఎక్కను. ఇంకో చిన్న మాట, ఈ కాలపు మాన్‌స్టర్లలో సైడ్ స్టాండ్ బరువు తీయగానే తనంతట తానే పైకి మడుచుకునే రకం ఉండొచ్చు. మీరు దిగి హెల్మెట్ తీసుకునేలోగా ఎవరైనా బండిని కొంచెం నిటారుగా ఎత్తారో, పడిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే ప్యాడాక్ స్టాండే వాడండి.

ఇవన్నీ అయ్యాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ప్లగ్గులు పెట్టకుండా సెల్ఫ్‌తో కొద్ది సెకన్లు తిప్పి ఆయిల్ ప్రెషర్ దీపం ఆరేదాకా చూడండి. ప్లగ్గు క్యాపులు తీసి అలా గాల్లో వదిలేయకండి, పాత ప్లగ్గులు వాటికి పెట్టి ఇంజన్‌కు ఆనించి ఉంచండి, లేదంటే ఇగ్నిషన్ బాక్సుకు దెబ్బ తగలొచ్చు. అప్పుడు ప్లగ్గులు వేసి, చోక్ లాగి స్టార్ట్ చేయండి. గాలితో చల్లబడే ఇంజన్ కదా, నిలబెట్టి అరగంట నడపొద్దు, ఫ్యాను పెట్టుకున్నా సరే.

ట్యూఫ్‌కి ఇవన్నీ అయ్యాకే వెళ్లండి. బైకులకు అది రెండేళ్లకోసారి, గడువు దాటి రెండు నెలలు మించితే లోతైన తనిఖీ అని ఫీజు 20 శాతం ఎక్కువ వేస్తారు, మీది ఎలాగూ దాటింది కాబట్టి తొందరపడి ఒరిగేదేమీ లేదు. వాళ్లు ఇంజన్ లోపలికి చూడరు. లైట్లు, హారన్, టైరు గాడి 1.6 మిల్లీమీటర్లు, స్టీరింగ్ బేరింగుల ఆట, ఫోర్కు సీళ్ల కారుడు, బ్రేకులు, పొగ, ఆపైన సైలెన్సర్. మీరు పంపిన ఫొటోలో ఉన్న కార్బన్ సైలెన్సర్లు ఫ్యాక్టరీవి కావు. వాటి మీద చెక్కిన అప్రూవల్ నంబరు ఉందా, లేకపోతే బండి పేపర్లలో ఎంట్రీ ఉందా చూసుకోండి. రెండూ లేకపోతే పాత ఓనరుకు ఇవాళే ఫోన్ చేసి ఒరిజినల్ సైలెన్సర్లు ఆయన అటక మీద ఉన్నాయేమో అడగండి, ఇప్పుడైతే ఊరికే ఇస్తాడు, ఏడాది తర్వాత అడిగితే ఎక్కడో అమ్మేసి ఉంటాడు.